పద్దెనిమిది మీటర్ల కింద ఎవరున్నారు?

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాము తగలబడింది. కింద పాత సీసాలు, కాగితాలు, వైర్ల గుట్టలు. పైన నిద్రపోతున్న పన్నెండు మంది బీహార్ వలస కూలీలు. వారు బయటపడడానికి ఉన్నది ఒక ఇరుకైన మెలిక మెట్ల దారి మాత్రమే. ఆ దారి మంటల్లోకే దిగుతుంది. ఒక్కరు దూకి ప్రాణం దక్కించుకున్నారు. మిగిలిన పదకొండు మంది తెల్లవారేసరికి శవాలయ్యారు.

ఇటువంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన నగరాల్లో ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉన్నదా? ప్రశ్న సహజమైనదే. అయితే ఆ పత్రం ఎవరికి అవసరమో, ఎవరికి అవసరం లేదో చట్టమే ముందుగా నిర్ణయించిపెట్టిందన్న సంగతిని మనం పెద్దగా పట్టించుకోము. అనుమతి తీసుకోనివారిని నిందించడం సులభం. అనుమతి అనే ఆవరణకే వెలుపల ఉండిపోయినవారిని లెక్కలోకి తీసుకోవడం కష్టం. కులం గురించి మాట్లాడవలసింది ఈ రెండవ చోటనే.

ఉభయ తెలుగు రాష్ట్రాలకూ మూలమైన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం నిరభ్యంతర పత్రానికి ప్రధానంగా ఎత్తును ప్రమాణంగా తీసుకున్నది. వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు. పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు స్థల విస్తీర్ణమూ ఎత్తూ కలిపి వేరే కొలత ఉన్నది. జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన భవనాలకు రెండు మెట్ల మార్గాలు, నీటి నిల్వ, పంపులు, ఫైరింజన్ తిరగగలిగేంత ఖాళీ ఉండాలని చెబుతుంది. ఈ నియమాలు మంచివే. ఎత్తైన భవనంలో నిచ్చెన అందదు, పొగ పైకే పోతుంది, దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇంజనీరింగ్ దృష్టిలో ఎత్తును కొలవడంలో తప్పేమీ లేదు. మీటర్ల లెక్క కాలాన్నిబట్టి అటూ ఇటూ మారవచ్చు కూడా. కానీ కొలిచే వస్తువు మాత్రం ఎప్పుడూ ఎత్తే.

మరి పద్దెనిమిది మీటర్ల కింద ఎవరున్నారు? పూరిగుడిసెలోని కూలీ ఉన్నాడు. రేకుల షెడ్డులో ఇటుక బట్టీ కుటుంబం ఉన్నది. గోదాము మీది గదిలో వలస కార్మికుడు ఉన్నాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మెట్ల కింద, విద్యుత్ మీటర్ల పలక పక్కనే మంచం వేసుకున్న వాచ్‌మన్ కుటుంబం ఉన్నది. ఇరవై మంది పడుకునే హాలుకు ఒకే తలుపు ఉన్న హాస్టల్ విద్యార్థులు ఉన్నారు. వీరిలో అత్యధికులు ఏ కులాల నుంచి వస్తారో తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు. మన వీధి చివర వరకు నడిస్తే చాలు. చట్టం ఎత్తును కొలుస్తుంది. మంట ఇరుకును వెతుక్కుంటుంది. ఈ సమాజంలో ఇరుకు ఎవరి వాటాకు వచ్చిందో నిర్ణయించినది చాలావరకు కులమే.

ఈ మాటను కొంచెం వివరించాలి. నేను పుట్టి పెరిగిన వాడలో ఇళ్లన్నీ తాటాకు ఇళ్లే. వేసవి వచ్చిందంటే పెద్దల మాట ఒకటే: గాలి లేవకముందే పొయ్యి ఆరిపోవాలి. అమ్మ చీకటితోనే లేచి గంజి వార్చి, పొయ్యిలోని నిప్పు మీద నీళ్లు చల్లి కూలికి వెళ్లేది. మధ్యాహ్నం ఎవరి కప్పు మీదనైనా పొగ కనిపిస్తే వాడంతా కేకలు వేసేది. ఒక వేసవిలో మా వరుసలో తొమ్మిది ఇళ్లు పోయాయి. ఫైరింజన్ రాకపోలేదు. ఊరి నడివీధి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. వాడలోకి బండి పట్టే దారి లేదు. బిందె పట్టుకుని ఊరి బావి దగ్గరకు పరుగెత్తిన మా పెదనాన్న అక్కడ ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, ఆ తరువాతే చేద వేశాడట. వెనుక ఇల్లు తగలబడుతున్నా ఆ ఒక్క క్షణం ఆగడం ఆయనకు ఎవరు నేర్పారో చెప్పనక్కరలేదు. ఆ మంటలో పోయినవి ఇళ్లు మాత్రమే కావు. ఇనప్పెట్టెలోని ఇంటిస్థలం పట్టా, మా అన్న పదో తరగతి మార్కుల పత్రం, కుల ధ్రువపత్రం కూడా పోయాయి. కులాన్ని రుజువు చేసే కాగితం కాలిపోయింది గాని, కులం కాలిపోలేదు.

ఇది ఒక వాడకు పరిమితమైన పాతకాలపు ముచ్చట కాదు. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం వరుస అగ్నిప్రమాదాల తరువాత, గ్రామాల్లో ఉదయం తొమ్మిది గంటల నుంచి సాయంత్రం ఆరు గంటల వరకు పొయ్యి వెలిగించవద్దని ఆదేశించింది. ఇల్లు మంటకు లొంగకుండా కట్టించే బాధ్యత రాజ్యానిది కావాలి. ఆ బాధ్యత కాస్తా ఆకలిని వాయిదా వేసుకోవలసిన పేదల మీదికి మళ్లింది. అదే రాష్ట్రం నుంచి కూడు కోసం వచ్చిన పదకొండు మంది ఆరేళ్ల తరువాత మన నగరంలో కాలిపోయారు. గుడిసెను వదిలి కాంక్రీటు గదికి చేరితే నిప్పు భయం తీరుతుందనుకోవడం భ్రమ. అతడు స్థలం మారాడు గాని, స్థానం మారలేదు.

ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరాన్ని మనం సామాజిక దూరంగానే చూస్తూ వచ్చాము. అది భద్రతకు సంబంధించిన దూరం కూడా. ఊరికి విశాలమైన వీధి, బావి, దేవాలయ ప్రాంగణం, ఇంటి చుట్టూ పెరడు. వాడకు ఒకరి చూరు మరొకరి చూరును తాకే ఇరుకు. స్వాతంత్ర్యానంతర ప్రభుత్వాలు ఇంటిస్థలాలు ఇచ్చాయి. ఆ మేలును తక్కువ చేయలేము. కానీ ఎంత ఇచ్చాయి? ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భారీ గృహపథకంలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటు అంటే 48 చదరపు గజాల చిల్లర. అంత చిన్న స్థలంలో ఇంటి చుట్టూ ఖాళీ వదలమంటే ఇల్లే మిగలదు. అందుకే మన భవన నియమాలు అతి చిన్న స్థలాలకు పక్క ఖాళీల నిబంధనను మినహాయిస్తాయి. ఆ మినహాయింపు పేదవాడికి చేసిన ఉపకారంలా కనిపిస్తుంది. వాస్తవానికి స్థలం ఇవ్వడంలో చూపిన పిసినారితనాన్ని నియమంలో సర్దుబాటు చేసుకోవడమే అది. గోడకు గోడ ఆనుకున్న వందల ఇళ్లలో ఒక గ్యాస్ సిలిండర్ పేలితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ లేఅవుట్‌లోనే దాగి ఉన్నది.

పట్టణంలో కులం మరో రూపంలో పనిచేస్తుంది. 2015లో ఆచార్య సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసర నగరాల్లో అద్దె ఇళ్లపై జరిపిన అధ్యయనం ప్రచురితమైంది. దళితులకు, ముస్లింలకు ఇల్లు నిరాకరించడం, ఇచ్చినా ఎక్కువ అద్దె అడగడం, లేనిపోని షరతులు పెట్టడం అందులో నమోదయ్యాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటిపేరు చెప్పగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట విన్న విద్యార్థులకు ఈ అధ్యయనం కొత్త సంగతేమీ చెప్పదు. కానీ దాని పర్యవసానాన్ని మనం పూర్తిగా ఆలోచించలేదు. మంచి వీధిలో, రెండు మెట్ల మార్గాలున్న భవనంలో తలుపు మూసుకుపోతే మనిషి ఎక్కడికి పోతాడు? అడిగినంత ఇస్తే ఏమీ అడగని చోటికి పోతాడు. అక్కడ యజమాని కులం అడగడు. అతన్ని కూడా ఎవరూ ధ్రువపత్రం అడగరు. అద్దె నిరాకరణ అవమానం మాత్రమే కాదు, అది ప్రమాద స్థలానికి చూపే దారి.

రాజ్యాంగం చేసిన పంపకాన్ని కూడా ఇక్కడ గమనించాలి. 74వ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలు పురపాలక సంస్థల బాధ్యతల్లో అగ్నిమాపక సేవలను చేర్చింది. 73వ సవరణతో వచ్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు ఉన్నాయి. గ్రామీణ గృహనిర్మాణం అందులో ఉన్నది, షెడ్యూల్డు కులాల సంక్షేమం ఉన్నది, అగ్నిమాపక సేవ లేదు. ఇల్లు కట్టించడం పంచాయతీ చింత, ఇల్లు కాలకుండా చూడడం మాత్రం ఎక్కడో ఉన్న శాఖ చింత. ఇక స్థాయీ అగ్నిమాపక సలహా మండలి ప్రమాణాల ప్రకారం పల్లెకు ఫైరింజన్ ఇరవై నిమిషాల్లో చేరాలి. తాటాకు ఇల్లు ఇరవై నిమిషాలు నిలుస్తుందా? ప్రమాణం పూర్తిగా పాటించినా బూడిదను తడపడానికి మాత్రమే సరిపోతుంది. అంటే వాడకు ఫైరింజన్ జవాబు కానే కాదు. మండని కప్పు, మంచి వైరింగ్, దగ్గరలో నీరు, బండి పట్టే దారి మాత్రమే జవాబు.

దళితుల చరిత్రలో నిప్పుకు ప్రత్యేకమైన జ్ఞాపకం ఉన్నది. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా దహనం చేశారు. అదే ఏడాది డిసెంబరు 25న తమిళనాడులోని కీళ్వెణ్మణిలో ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మంది దళితులను, వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు, నిప్పుపెట్టి చంపారు. ఈ జ్ఞాపకం నుంచే చట్టం కూడా ఒకటి నేర్చుకున్నది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం షెడ్యూల్డు కులాల, తెగలవారి నివాసాన్ని ధ్వంసం చేసే ఉద్దేశంతో నిప్పు పెట్టడాన్ని యావజ్జీవ శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. 1995 నియమాల ప్రకారం అలా కాలిపోయిన ఇంటి స్థానంలో ఇటుకతోనో రాతితోనో ప్రభుత్వ ఖర్చుతో ఇల్లు కట్టించి ఇవ్వాలి.

అదే గుడిసె షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోతే? 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం గుడిసెకు 8,000 రూపాయలు. మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు ఇచ్చే ఆ పట్టికే, గడ్డితోనో మట్టితోనో ప్లాస్టిక్ పట్టాతోనో వేసుకున్నదాన్ని ఇల్లుగా అంగీకరించదు. పెట్టిన నిప్పుకు చట్టం ఉన్నది, అంటుకున్న నిప్పుకు లేదు. ఆ రెండు నిప్పులూ ఒకే గుడిసెను కాల్చగలిగాయంటే దానికి కారణం ఒకటే: ఆ మనిషిని కాలిపోయే ఇంట్లో, దారి లేని చోట ఉంచడం. మొదటి నిప్పులో చేయి కనిపిస్తుంది. రెండవదానిలో చేయి కనిపించదు. ఒక లేఅవుట్, ఒక మినహాయింపు, ఒక నిర్లక్ష్యం కలిసి ఆ పని చేస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం న్యాయమే. నిప్పుకు కులం ఉంటుందా? 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక వ్యాపార కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది చిన్నారులు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింద నిల్వచేసిన రసాయన డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది మరణించారు. వారంతా అణగారిన కులాలవారు కారు కదా? నిజమే. ఆ మరణాలు కూడా అంతే దుఃఖకరమైనవి. పైగా అవి ఈ వ్యాసం చెబుతున్నదానినే బలపరుస్తున్నాయి. గుల్జార్ హౌజ్ ఇల్లు ఎత్తైనది కాదు. కింద దుకాణాలు, పైన కుటుంబం, లోపలికి ఒక ఇరుకు దారి. ఎత్తును మాత్రమే చూసే నియమం అక్కడ కూడా విఫలమైంది. కాబట్టి ఇరుకును కొలిచే నియమం అందరినీ కాపాడుతుంది. తేడా ఒక్కటే. కొందరికి ఇరుకు ఒక పాత ఇంటి దురదృష్టం. మరికొందరికి అది తరతరాల కేటాయింపు.

లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది మరణించినప్పుడు బాధిత కుటుంబాల న్యాయవాదులు విచారణ సంఘం ముందు ఒక మాట గట్టిగా అడిగారు: భవనానికి తొడిగిన పలకల గురించి మాత్రమే కాదు, అందులో ఉన్నవారి జాతి, వర్గం గురించి కూడా మాట్లాడాలని. మన దగ్గర ఆ ప్రశ్న వేయడానికి ఆధారమైన లెక్కే లేదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022లో అగ్నిప్రమాదాల్లో 7,400 మందికి పైగా మరణించారు. సగానికి పైగా మరణాలు నివాస భవనాల్లోనే జరిగాయి. మృతులు స్త్రీలా పురుషులా, ప్రమాదం ఇంట్లోనా ఫ్యాక్టరీలోనా అన్న వర్గీకరణ అందులో ఉన్నది. సామాజిక వర్గం లేదు. విచిత్రమేమిటంటే అదే సంస్థ జైళ్ల నివేదికలో ఖైదీల కులవర్గాన్ని లెక్కిస్తుంది. దళితుడు జైల్లో ఉంటే లెక్కకు వస్తాడు, మంటల్లో చనిపోతే రాడు.

అయితే మరింత కఠినమైన నియమాలు కావాలని అడగడంలో ఒక ప్రమాదం ఉన్నది. మన నగరాల్లో నియమం అనే మాట పేదవాడి దగ్గరకు ఎక్కువగా బుల్డోజర్ రూపంలోనే వచ్చింది. అనుమతి లేకుండా అంతస్తులు లేపిన భవనాలకు 2007 చివరిలో, 2015లో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. ఉల్లంఘన రుసుముగా మారింది. కాలువ గట్టు మీది గుడిసెకు అటువంటి పథకం లేదు. అక్కడ ఉల్లంఘన తొలగింపుగా మారుతుంది. కాబట్టి అగ్ని భద్రత పేరుతో బస్తీలను ఖాళీ చేయించే వాదనను ముందే తిరస్కరించాలి. మనం అడగవలసింది పేదవాడి మీద మరో శిక్ష కాదు; యజమాని మీద, స్థానిక సంస్థ మీద, రాజ్యం మీద స్పష్టమైన బాధ్యత.

ఆ బాధ్యత ఎలా ఉండాలి? మొదటిది, కొలమానం మారాలి. భవనం ఎంత ఎత్తు అన్నదానితోపాటు అక్కడ రాత్రి ఎంతమంది నిద్రపోతారన్నది ప్రమాణం కావాలి. గోదాము, వర్క్‌షాపు, వాహనాల ఛార్జింగ్ స్థలం పైన గాని, పక్కన గాని మనుషులు పడుకుంటే, ఎత్తుతో నిమిత్తం లేకుండా, మంట వచ్చే వైపు కాక మరో వైపు తెరుచుకునే దారి తప్పనిసరి కావాలి. అపార్ట్‌మెంట్ అనుమతి పత్రంలోనే వాచ్‌మన్ కుటుంబానికి మీటర్ల పలకకు దూరంగా, కిటికీ ఉన్న గదిని చూపాలి.

రెండవది, ప్రతి దళితవాడలో, గిరిజన తండాలో, పట్టణ బస్తీలో అగ్ని తనిఖీ జరగాలి. పాత సర్వీసు వైర్లు మార్చడం, విద్యుత్ లీకేజీని ఆపే బ్రేకర్లు పెట్టడం, నీటి ట్యాంకుకు గొట్టం తగిలించే ఏర్పాటు, బండి పట్టే ఒక్క దారి. ఇవి కోట్ల పరికరాలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి కదా, వాటినుంచి తీసుకోండి అనే వాదన రావచ్చు. అందరికీ ఇవ్వవలసిన భద్రతను దళితుల నిధితోనే దళితులకు ఇవ్వడం న్యాయం కాదు. అది సాధారణ బడ్జెట్‌లోనే ఉండాలి.

మూడవది, పేదలకు కట్టే ఎత్తైన ఇళ్ల నిర్వహణ. కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయం వంటి చోట్ల పేద కుటుంబాలు తొమ్మిది, పది అంతస్తుల పైకి వెళ్లాయి. అక్కడ నియమం వర్తిస్తుంది; పంపులు, గొట్టాలు, రెండవ మెట్లు ఉండవలసిందే. కానీ రోజు కూలీ మీద బతికే కుటుంబాలు ఆ మోటార్లను ఏళ్ల తరబడి నడిపించగలవా? తాళాలు అప్పగించిన రోజున ప్రభుత్వ బాధ్యత తీరిపోకూడదు; నిర్వహణ ఖర్చు పథకంలో భాగం కావాలి.

నాలుగవది, సహాయంలో సమానత్వం. గుడిసె ఏ నిప్పుతో కాలినా దాని స్థానంలో పక్కా ఇల్లు ఇవ్వాలి. ఎనిమిది వేలతో మళ్లీ కట్టగలిగేది మరో గుడిసెనే, అంటే మరో ప్రమాదాన్నే. అయిదవది, ప్రతి అగ్నిప్రమాద నివేదికలో మృతుల సామాజిక వర్గం, ఉపాధి, అది సొంత ఇల్లా, అద్దె ఇల్లా, యజమాని ఇచ్చిన చోటా అన్నది నమోదు కావాలి. లెక్కలో లేనివారికి చట్టంలో చోటు దొరకదు.

చివరిగా ఈ పుటను చదివే విద్యార్థులకు ఒక మాట. 2004లో కుంభకోణం పాఠశాలలో 94 మంది పిల్లలు కాలిపోయిన తరువాత దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో, సురక్షితమైన పాఠశాల విద్యాహక్కులో భాగమని ప్రకటించింది. పిల్లలు పగలు చదివే గదికి వర్తించిన ఆ న్యాయం రాత్రి పడుకునే గదికి వర్తించదా? సంక్షేమ హాస్టల్ కావచ్చు, అశోక్‌నగర్‌లో ప్లైవుడ్ చెక్కలతో గదిని నాలుగు ముక్కలు చేసి అద్దెకిచ్చిన పడక కావచ్చు. ఈ రాత్రి మీ గదికి వెళ్లాక ఒకసారి చూడండి: రెండవ మెట్లు ఉన్నాయా? కిటికీ ఊచలు తెరుచుకుంటాయా? రాత్రి గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? లేవని తేలితే ఆ విషయాన్ని కాగితం మీద రాసి, పదిమంది సంతకాలతో వార్డెన్‌కూ, మున్సిపల్ అధికారికీ ఇవ్వండి. మన విద్యార్థి ఉద్యమాలు మెస్ ఛార్జీల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం పోరాడి గెలిచాయి. బయటికి వెళ్లే దారి కోసం కూడా పోరాడవలసి ఉన్నది.

మా పెదనాన్న బావి దగ్గర ఆగిన ఆ ఒక్క క్షణం ఇప్పుడు లేదని కొందరు అంటారు. ఉన్నది. అది బావి గట్టు మీది నుంచి నియమావళిలోకి మారింది. అక్కడి నుంచి దాన్ని తొలగించడమే ఇప్పుడు మన పని.